ప్రసంగ రచయిత కాలమిస్టు కావడం: అపోహలు - వాస్తవాలు

రాజకీయ నాయకులకు ప్రసంగాలు రాసి, ఆ తరువాత పత్రికలో కాలమ్ చేపట్టిన నా దగ్గరికి అమలాపురం, రాజోలు, భీమవరం వైపు నుంచి వచ్చే యువతీయువకులు దాదాపు అందరూ ఒకే నమ్మకంతో వస్తారు. వారిని ఎక్కువగా నష్టపరుస్తున్నది ఆ నమ్మకమే.

అపోహ: నాయకుడికి కొన్నేళ్లు ఉచితంగా ప్రసంగాలు రాస్తే సంపాదకీయ పేజీలో చోటు దానంతట అదే వస్తుంది.

వాస్తవం: రాదు. ప్రసంగ పాఠం మీద రాసినవారి పేరు ఉండదు. 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్, 1983 సవరణ తరువాత, బహిరంగంగా చేసిన ప్రసంగానికి తొలి హక్కుదారుగా ప్రసంగించిన వ్యక్తినే గుర్తిస్తోంది. ఏళ్ల తరబడి పోగుచేసిన ఫైలును సంపాదకుడి ముందు పెట్టినా అది అర్హతాపత్రం కాదు.

పైగా అక్కడ కావలసిన రచనే వేరు. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు క్రాప్ హాలిడే (ఒక కారు పంట వేయకుండా మానేయడం) ప్రకటించినప్పుడు, వేదిక మీద 'రైతుకు అండగా నిలుస్తాం' అంటే సరిపోయేది. అదే విషయం మీద వ్యాసం రాయాలంటే, సాధారణ రకం ధాన్యానికి ఆ ఏడాది క్వింటాలుకు 1,080 రూపాయల మద్దతు ధర ఉన్నా సాగు ఎందుకు గిట్టలేదో, డ్రెయిన్లలో (మురుగు కాలువల్లో) పూడిక తీయకపోతే సార్వా (ఖరీఫ్) వరి ఎలా మునుగుతుందో చూపాలి. తాను పనిచేసిన పార్టీ పాలనలో ఆ పూడిక సంగతి ఏమైందో కూడా రాయాలి. ఈ చివరిది రాయలేనివారు ఇంకా ప్రసంగమే రాస్తున్నట్టు లెక్క.

విలియం సఫైర్‌ను ఉదాహరణగా చూపేవారున్నారు. అమెరికా అధ్యక్షుడు నిక్సన్‌కు ప్రసంగాలు రాసిన ఆయన 1973లో న్యూయార్క్ టైమ్స్ కాలమిస్టు అయిన మాట నిజమే. అయితే ఆయన యువకుడిగా ఉన్నప్పుడే పత్రికలో పనిచేశారు. 1978లో ఆయనకు పత్రికా రచనకు ఇచ్చే పులిట్జర్ బహుమతి తెచ్చిపెట్టినవి అధ్యక్షుడు కార్టర్ దగ్గర బడ్జెట్ డైరెక్టర్‌గా ఉన్న బెర్ట్ లాన్స్ ఆర్థిక వ్యవహారాలను తవ్వి తీసిన వ్యాసాలు. నిక్సన్ ప్రభుత్వం తన ఫోన్‌ను కూడా రహస్యంగా విన్నదని తెలిసినప్పుడు దానినీ కాలమ్‌లో నిలదీశారు.

రాజోలు వైపు నుంచి వచ్చిన ఒక కౌలు రైతు కొడుకు, తాను రాసిపెట్టిన నాయకుడికి టికెట్ రాక ఫోన్ ఎత్తడం మానేశాక, "ఇన్నేళ్లూ వృథాయేనా సార్?" అని అడిగాడు. వృథా కాదన్నాను; వినేవారిని దృష్టిలో పెట్టుకుని రాయడం అతనికి బాగా వచ్చు. భూయజమాని సంతకం పెట్టకపోవడంతో తండ్రికి కౌలు రైతులకిచ్చే పంట సాగు హక్కుల కార్డు ఎలా అందకుండా పోయిందో, బ్యాంకు ఏమన్నదో, చివరికి అప్పు ఎంత వడ్డీకి తెచ్చారో రాయమన్నాను. మొదట నినాదాలే వచ్చాయి. తిరగరాసిన వ్యాసం అతని పేరుతోనే అచ్చయింది.

ఇక మిగతా అపోహలు. నాయకుడి సిఫారసుతో కాలమ్ వస్తుందన్నది టీకొట్టు దగ్గరి పుకారు; అలాంటి సిఫారసు చూసి పత్రిక సంపాదక విభాగం మరింత జాగ్రత్త పడుతుంది. పార్టీకి పనిచేసినవారు నిజాయితీగా రాయలేరన్నదీ తప్పే. ఎవరికి రాశారో వ్యాసం చివర ఒక వాక్యంలో చెబితే పాఠకుడు తానే తూచుకుంటాడు. కాలమ్ పారితోషికంతో ఇల్లు గడుస్తుందని మాత్రం ఎవరూ ఉద్యోగం మానుకోవద్దు. నాయకుడి ఇంట విన్న సొంత సంగతులను బయటపెడితేనే పాఠకులు చదువుతారనేది కూడా అబద్ధం. అలా రాసినవారికి ఆ తరువాత సమాచారం చెప్పేవారే ఉండరు.