పెద్దవాళ్ళకి నిద్ర అక్కర్లేదా?

చిరంజీవులైన పిల్లలకు,

అమ్మమ్మ ఆశీస్సులు.

“మమ్మల్నేమో తొమ్మిది కాకుండానే పడుకోమని తరుముతారు, తాము మాత్రం అర్ధరాత్రి దాకా ఫోన్లు చూసుకుంటూ కూచుంటారు. పెద్దవాళ్ళకి నిద్ర అక్కర్లేదా?” అని అడిగారు కదా. అడగాల్సిన ప్రశ్నే. ఫోన్లో జవాబు చెబితే మీ అమ్మానాన్నల మీద చాడీలు చెప్పినట్టుంటుందని ఉత్తరం రాస్తున్నాను. ఏళ్ళ తరబడి ఆస్పత్రిలో నైట్ డ్యూటీలు చేసినదాన్ని, నిద్ర విషయంలో నాకు కాస్త చాదస్తం ఎక్కువ. ఓపిగ్గా చదవండి.

ముందు లెక్క చెప్పేస్తాను. అమెరికాలో నిద్ర వైద్యుల సంఘం, నిద్ర పరిశోధకుల సంఘం కలిసి 2015లో అప్పటిదాకా జరిగిన పరిశోధనలు వడపోసి, 18 నుంచి 60 ఏళ్ళ వాళ్ళు రోజూ కనీసం 7 గంటలు నిద్రపోవాలని తేల్చాయి. అదే ఏడాది నేషనల్ స్లీప్ ఫౌండేషన్ అనే సంస్థ 64 ఏళ్ళ దాకా 7 నుంచి 9 గంటలు, 65 దాటితే 7 నుంచి 8 గంటలు అంది. వాళ్ళ లెక్కలోనే 6 నుంచి 13 ఏళ్ళ పిల్లలకి 9 నుంచి 11 గంటలు, ఆ పైన 17 దాకా 8 నుంచి 10. కాబట్టి మిమ్మల్ని పెందలాడే పడుకోమనడంలో తప్పు లేదు. తప్పంతా వాళ్ళు పడుకోకపోవడంలో ఉంది.

ఇందులో ఒక తిరకాసుంది. లెక్కలోకి వచ్చేవి నిద్రపోయిన గంటలే, మంచం మీద దొర్లిన గంటలు రావు. పదకొండింటికి లైటు ఆర్పి ఆరింటికి లేచినవాళ్ళు ఏడు గంటలు పడుకున్నామనుకుంటారు. నిద్ర పట్టేదాకా గడిచిన టైమూ, మధ్యలో వచ్చిన మెలకువలూ తీసేస్తే ఆరున్నర కూడా మిగలకపోవచ్చు. ఇక నా వయసువాళ్ళ సంగతంటారా, “ముసలాళ్ళకి నాలుగు గంటలు చాలు” అని ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. నిద్ర అవసరం అంతగా ఏమీ తగ్గదర్రా. ఏకబిగిన నిద్రపోయే శక్తి తగ్గుతుంది. గాఢ నిద్ర పల్చబడుతుంది, చిన్న చప్పుడుకే మెలకువ వస్తుంది.

“నాకు ఐదు గంటలు చాలు” అని గొప్పగా చెప్పుకునే మామయ్యలు ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. తక్కువ నిద్రతో నిజంగానే హాయిగా ఉండేవాళ్ళు లోకంలో లేకపోలేదు. 2009లో యింగ్-హుయి ఫు అనే శాస్త్రవేత్త బృందం ఒక తల్లీ కూతుళ్ళలో అలాంటి జన్యువు మార్పును కనిపెట్టింది. వాళ్ళు ఆరు గంటల చిల్లర నిద్రతోనే చురుగ్గా ఉండేవాళ్ళు. కానీ అది చాలా అరుదు. మిగతావాళ్ళ సంగతి 2003లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వాళ్ళు చేసిన ప్రయోగంలో బయటపడింది. కొందరిని 14 రోజుల పాటు రాత్రికి 6 గంటలే పడుకోనిచ్చారు. చివరికి వాళ్ళ ఏకాగ్రత పూర్తిగా జాగారం చేసినవాళ్ళ స్థాయికి పడిపోయింది. వింత ఏమిటంటే, కాస్త మగతగా ఉందంతే, బాగానే ఉన్నామని వాళ్ళే చెప్పారు. నిద్ర చాలలేదని చెప్పాల్సిన మెదడే ముందు మొద్దుబారిపోతే ఇంకెవరు చెబుతారు? అందుకే “నాకేం కాలేదు” అనే మామయ్య సాక్ష్యం చెల్లదు.

1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు మరో సంగతి చూపించారు. 17 గంటలు ఏకధాటిగా మేలుకున్న మనిషి చేయి, చూపు కలిసి పనిచేసే తీరు, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాళ్ళ తీరుకి దిగజారుతుంది. చాలా దేశాల్లో ఆ మోతాదుకి బండి నడపనివ్వరు. పొద్దున్న ఆరింటికి లేచినవాళ్ళకి 17 గంటలు ఎప్పుడవుతాయో వేళ్ళు మడిచి లెక్కపెట్టుకోండి. రాత్రి పదకొండు. ఆ టైములో బండి తీస్తామనే పెద్దవాళ్ళకి ఈ లెక్క వినిపించండి, నా పేరు చెప్పండి.

ఇప్పుడు అసలు సంగతి. నిద్ర మన మీద రెండు వైపుల నుంచి పని చేస్తుంది. 1982లో అలెగ్జాండర్ బోర్బెలీ అనే ఆయన ఈ రెండింటినీ విడదీసి చెప్పాడు.

మొదటిది అలసట. మేలుకున్న ప్రతి గంటా మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకుంటుంది. అది పెరిగినకొద్దీ కళ్ళు వాలిపోతాయి, నిద్రపోతే తగ్గిపోతుంది. ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అంటారు చూడండి, అది ఇదే. కాఫీ, టీల్లో ఉండే కెఫీన్ ఈ అడినోసిన్ కూచోవాల్సిన చోట్లన్నీ కుర్చీలాటలో గడుసు పిల్లాడిలా తనే ముందు ఆక్రమిస్తుంది. అడినోసిన్ ఎక్కడికీ పోదు, పక్కనే నిలబడి ఉంటుంది. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే సుమారు 5 గంటలు పడుతుంది. 2013లో జరిగిన ఒక పరిశోధనలో పడుకోవడానికి 6 గంటల ముందు 400 మిల్లీగ్రాముల కెఫీన్ ఇస్తే, రాత్రి నిద్ర గంటకు పైగా తగ్గింది. అది దాదాపు నాలుగు కప్పుల కాఫీతో సమానం, పెద్ద మోతాదే. అయినా సాయంత్రం కాఫీ తాగి “నాకు నిద్ర పట్టదు” అని వాపోయేవాళ్ళని చూస్తే నాకు జాలికంటే నవ్వే ఎక్కువ వస్తుంది.

రెండోది జీవ గడియారం. దీని కథ 1729లో మొదలైంది. ముట్టుకుంటే ముడుచుకునే అత్తిపత్తి మొక్క పగలు ఆకులు విప్పి, రాత్రి ముడుస్తుంది. డి మైరన్ అనే ఫ్రెంచి ఆయన దాన్ని చీకట్లో పెట్టి చూశాడు. ఎండ తగలకపోయినా ఆ మొక్క వేళకి విప్పుకుంటూ, వేళకి ముడుచుకుంటూనే ఉంది. అంటే గడియారం మొక్క లోపలే ఉందన్నమాట. మనలో అది కంటి నరాలు రెండూ కలిసే చోటుకి కాస్త పైన, సుమారు 20,000 కణాల చిన్న గుంపుగా ఉంటుంది. కణాల్లో ఈ గడియారం ఎలా నడుస్తుందో కనిపెట్టినందుకు జెఫ్రీ హాల్, మైఖేల్ రాస్‌బాష్, మైఖేల్ యంగ్‌లకి 2017లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ గడియారానికి ఒక లోపం ఉంది. 1999లో హార్వర్డ్ పరిశోధకులు కొలిచి చూస్తే దాని రోజు సగటున 24 గంటల 11 నిమిషాలని తేలింది. వదిలేస్తే రోజూ కొంచెం ఆలస్యం వైపు జారుతుంది. పొద్దుటి వెలుతురు కంట్లో పడ్డప్పుడు మళ్ళీ సరిచేసుకుంటుంది. మీరు ఆలస్యంగా పడుకోవడం ఎంత సులువో, త్వరగా పడుకోవడం ఎంత కష్టమో గమనించే ఉంటారు. కారణాల్లో ఇదొకటి. రాత్రి పూట కళ్ళెదుట ఫోన్ వెలుగుతుంటే గడియారం ఇంకా పొద్దుపోలేదనుకుని మరింత వెనక్కి జరుగుతుంది. పదమూడు, పద్నాలుగేళ్ళు వచ్చాక ఈ గడియారం దానంతటదే ఆలస్యంగా నడవడం మొదలుపెడుతుంది కూడా. కాబట్టి మీలో పెద్దవాడు రాత్రి పదకొండైనా నిద్ర రాదంటే బద్ధకమని తిట్టకండి.

దీన్ని మోసం చెయ్యగలమా అని నథానియేల్ క్లైట్‌మన్ అనే ఆచార్యుడికి అనుమానం వచ్చింది. 1938లో బ్రూస్ రిచర్డ్‌సన్ అనే శిష్యుడితో కలిసి అమెరికాలోని మామత్ గుహలోకి దిగి 32 రోజులు ఉన్నాడు. పగలూ రాత్రీ తెలియని ఆ చీకట్లో రోజుకి 28 గంటలని పెట్టుకుని బతికారు. శిష్యుడు కొద్ది రోజుల్లో అలవాటుపడ్డాడు. ఆచార్యుడి ఒళ్ళు మాత్రం మొండికేసి 24 గంటల లెక్కే పట్టుకుంది. (ఆయన 104 ఏళ్ళు బతికారు, అది వేరే విషయం.)

ఇప్పుడు మీ ఇంట్లో జరిగేది చూడండి. పనిరోజుల్లో రాత్రి 12కి పడుకుని 6కి లేస్తారు. సెలవు రోజున తెల్లవారుజామున 3కి పడుకుని 11కి లేస్తారు. మొదటి నిద్రకి నట్టనడుము వేళ తెల్లవారుజామున 3, రెండోదానికి పొద్దున్న 7. నాలుగు గంటల తేడా! విమానమెక్కి ఎక్కడో దూరదేశంలో దిగినట్టే అనుకుంటుంది ఒళ్ళు. సోమవారం పొద్దున్నే వెనక్కి రమ్మంటే రాదు. జర్మనీలో టిల్ రోనెబర్గ్ అనే ఆయన బృందం 2006లో దీనికి సోషల్ జెట్‌లాగ్ అని పేరు పెట్టింది. బ్రిటన్‌లో సుమారు 60 వేల మంది చేతులకి పరికరాలు కట్టి వాళ్ళ నిద్రని కొలిచారు. ఆ తర్వాత కొన్నేళ్ళలో ఎవరు చనిపోయారో చూస్తే, ఎన్ని గంటలు పడుకున్నారన్న దానికన్నా వేళకి పడుకుని వేళకి లేచారా అన్నదే ఎక్కువ తేడా చూపించింది. ఇది కారణం అని తేల్చి చెప్పేది కాదు, సంబంధం మాత్రమే. అయినా నాకు నమ్మబుద్ధేస్తుంది.

సెలవు రోజున పగలంతా పడుకుని అప్పు తీర్చేస్తామంటారు పెద్దవాళ్ళు. రాండీ గార్డ్‌నర్ అనే 17 ఏళ్ళ కుర్రాడు 1964 జనవరి నాటికి 264 గంటలు, అంటే 11 రోజులు, నిద్రపోకుండా ఉన్నాడు. (మీరు ప్రయత్నించకండి. ప్రమాదమని గిన్నిస్ వాళ్ళే ఆ రికార్డు తీసుకోవడం మానేశారు.) అయ్యాక ఎంతసేపు పడుకున్నాడో తెలుసా? సుమారు 14 గంటలు. పోయిన నిద్రని ఒళ్ళు గంటకి గంట లెక్కన అడగదు, గాఢ నిద్రని పెంచుకుని సర్దుకుంటుంది. కాబట్టి ఒకటి రెండు రాత్రులు చెడితే మధ్యాహ్నం దాకా పడుకోనక్కర్లేదు.

మరి ఏం చెయ్యాలి? నేనైతే పడుకునే టైముని వదిలేసి లేచే టైముని పట్టుకోమంటాను. “పదింటికి నిద్రపో” అని ఎవరూ తమకి తాము ఆజ్ఞ ఇచ్చుకోలేరు, ఇచ్చుకున్నా నిద్ర వినదు. ఆరింటికి లేవడం మాత్రం చేతిలో ఉంది. రాత్రి ఎలా గడిచినా అదే టైముకి లేచి, బయటికొచ్చి వెలుతురులో కాసేపు నిలబడితే, ఆ రాత్రి నిద్ర దానంతటదే ముందుకొస్తుంది. సెలవు రోజున ఓ గంట ఎక్కువ పడుకున్నా పరవాలేదు, నాలుగు గంటలొద్దు. వేళ ముందుకి జరపాలంటే కొద్ది రోజులకోసారి పావుగంట చొప్పున జరపాలి, ఒక్కసారి రెండు గంటలంటే కుదరదు. పగటి కునుకు ఇరవై నిమిషాలు చాలు, అదీ మధ్యాహ్నం మూడు లోపే. ఎక్కువైతే గాఢ నిద్రలోంచి లేచి పిచ్చిపట్టినట్టు కూచుంటారు, రాత్రికి నిద్ర పట్టదు.

మంచమెక్కాక నిద్ర రాకపోతే దొర్లుతూ గడియారం చూసుకోవడమంత చెడ్డ పని ఇంకోటి లేదు. ఇరవై నిమిషాలు గడిచాయనిపిస్తే లేచి వేరే గదిలో మసక వెలుతురులో ఏదైనా విసుగు పుట్టించే పని చెయ్యాలి, కళ్ళు వాలాకే వెనక్కి రావాలి. 1972లో రిచర్డ్ బూట్జిన్ చెప్పిన ఈ పద్ధతి ఇప్పటికీ వైద్యులు వాడుతున్నారు. నిద్రలేమి పట్టుకున్నవాళ్ళకి మాత్రలకంటే ముందు ఇలాంటి అలవాట్ల చికిత్సే ఇవ్వాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో చెప్పింది.

రాత్రి డ్యూటీలు చేసేవాళ్ళకి ఈ సూత్రాలు సగమే పనికొస్తాయి, ఆ సంగతి నాకు బాగా తెలుసు. మేం చేసేది ఇది: డ్యూటీకి వెళ్ళే ముందు ఓ కునుకు, కాఫీ డ్యూటీ మొదటి సగంలోనే, పొద్దున్న ఇంటికొచ్చేటప్పుడు నల్లద్దాలు, ఇంట్లో మందపాటి తెరలు, ఫోన్ సైలెంట్. డ్యూటీలు మారేటప్పుడు పొద్దుటి నుంచి సాయంత్రానికి, సాయంత్రం నుంచి రాత్రికి మారడం తేలిక, తిరగేసి వేస్తే ప్రాణం పోతుంది. 24 గంటల 11 నిమిషాల సంగతి గుర్తుందిగా, గడియారం వెనక్కి జారడానికే ఇష్టపడుతుంది. నైట్ చేసినవాళ్ళు పగలు పడుకుంటే తలుపు దగ్గర మీరు అరుచుకోకుండా ఉండడం కూడా ఈ వైద్యంలో భాగమే.

మీకొక పని అప్పజెబుతాను. ఇంట్లో ఎవరైనా గట్టిగా గురకపెట్టి, మధ్యలో ఊపిరి ఆగినట్టై, ఉలిక్కిపడి మళ్ళీ మొదలుపెడుతున్నారేమో వినండి. వాళ్ళకది తెలియదు, పక్కన పడుకున్నవాళ్ళే చెప్పాలి. అది స్లీప్ ఆప్నియా కావచ్చు, ఎనిమిది గంటలు పడుకున్నా పగలంతా తూలుతూనే ఉంటారు, వైద్యం ఉంది. వారానికి మూడు రాత్రుల చొప్పున మూడు నెలలుగా నిద్ర పట్టనివాళ్ళూ డాక్టర్ని కలవాలి.

కలలు ఎందుకొస్తాయని చిన్నది అడిగింది కదా. దానికి విడిగా రాస్తాను, ఒక్క ఉత్తరంలో తెమలదు.

ఉంటాను,
మీ అమ్మమ్మ