ఉప్పునేలల ఎర్ర సూక్ష్మజీవుల జీనోమ్: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఉప్పు మడిలోనో చవుడు నేలలోనో ఎరుపు కనిపిస్తే అది బ్యాక్టీరియానే.

వాస్తవం: రంగు చూసి వంశం చెప్పలేం. 2020 జూన్‌లో మహారాష్ట్రలోని లోణార్ సరస్సు గులాబీ రంగుకు మారింది. పుణెలోని అగార్కర్ పరిశోధన సంస్థ పరిశీలించి, హాలోఆర్కియా (ఉప్పులో బతికే ఆర్కియా) కారణమని తేల్చింది. ఆర్కియా బ్యాక్టీరియా కాదు, వేరే జీవశాఖ. అలాగని ఎరుపంతా ఆర్కియాదే కాదు. స్పెయిన్ ఉప్పు మడుల్లో దొరికి, 2002లో పేరు పొందిన సాలినిబ్యాక్టర్ రూబర్ అచ్చమైన బ్యాక్టీరియా. వంశం తేల్చాలంటే జన్యువులు చదవాల్సిందే. వంశాలు పోల్చడానికి మామూలుగా వాడే 16ఎస్ జన్యువు ఒక్కటే ఆ పనికి ఎప్పుడూ చాలదు. హాలోఆర్క్యులా మారిస్మార్టుయి అనే హాలోఆర్కియా కణం ఒక్కదానిలోనే ఆ జన్యువు ప్రతుల మధ్య దాదాపు 5 శాతం తేడా ఉంది.

అపోహ: సూక్ష్మజీవులను పెంచే ప్లేటులో తేడాగా ఉన్న కాలనీ (ఒకేచోట పెరిగిన కణాల గుంపు) వచ్చిందంటే కల్చర్ కలుషితమైనట్టే.

వాస్తవం: తొందరపడి పారేయకండి. హాలోబ్యాక్టీరియం ఎన్‌ఆర్‌సీ-1 (పేరు అలా ఉన్నా ఇదీ హాలోఆర్కియానే) పెరిగిన ప్లేటును వెలుతురుకు ఎత్తి చూడండి. మామూలు కాలనీలు గులాబీ రంగులో, పాలు కలిపినట్టు మసకగా ఉంటాయి. వాటి మధ్య సుమారు వందకు ఒకటి చొప్పున, అవతలి వెలుగు కనిపించే ఎర్రటి కాలనీ ఉంటుంది. దాని కణాల్లో గాలి తిత్తులు లేవు, అంతే తేడా. 2000లో ప్రచురితమైన ఈ జీవి జీనోమ్‌లో, అంటే మొత్తం డీఎన్‌ఏలో, 25,71,010 అక్షరాలున్నాయి. వాటి నడుమ చోటు మారగల డీఎన్‌ఏ ముక్కలు 91. ఒక ముక్క వెళ్లి తిత్తుల జన్యువులో దూరితే కాలనీ రూపు మారుతుంది. బ్యాక్టీరియోరొడాప్సిన్ అనే ఊదారంగు ప్రోటీన్ జన్యువులో దూరితే ఊదారంగు పోతుంది. ఎంత అందమైన సాక్ష్యం! జన్యువులో జరిగిన మార్పు కంటికే కనిపిస్తోంది.

జీనోమ్‌ను కూర్చేటప్పుడు ఇబ్బంది పెట్టేవీ ఈ ముక్కలే. పొట్టి రీడ్ (యంత్రం ఒక్కసారికి చదివే డీఎన్‌ఏ తునక) 150 నుంచి 300 అక్షరాలు, చోటు మారే ముక్క వెయ్యి దాటి కూడా ఉండవచ్చు. ఏ ప్రతి ఎక్కడిదో తేలక కూర్పు అక్కడ తెగిపోతుంది. పొడవైన రీడ్‌లకు బడ్జెట్ పెట్టమని విద్యార్థులకు నేను గట్టిగా చెప్పేది అందుకే.

అపోహ: ఉప్పును తట్టుకునే జన్యువును తీసి వరిలో పెడితే చవుడు నేలలు పండుతాయి.

వాస్తవం: అలాంటి జన్యువు ఒకటంటూ లేదు. హాలోఆర్కియా కణం నిండా పొటాషియం క్లోరైడ్ నింపుకొంటుంది. అంత లవణంలో పనిచేయాలి కాబట్టి దాని ప్రోటీన్లు చాలావరకు ఆమ్ల స్వభావంతో ఉంటాయి. జీనోమ్ పొడవునా కనిపించే లక్షణమిది. సాలినిబ్యాక్టర్‌దీ ఇదే దారి. హాలోమోనాస్ అనే బ్యాక్టీరియా మాత్రం ఉప్పును వీలైనంత బయటే ఆపి, లోపల ఎక్టోయిన్ అనే కణరక్షక పదార్థం తయారు చేసుకుంటుంది. వరి చిక్కు వేరు: సోడియం ఆకులకు చేరకూడదు. అందుకు తోడ్పడే సాల్టాల్ అనే జన్యుభాగం దొరికింది సూక్ష్మజీవుల్లో కాదు, కేరళ తీరంలో పండే పొక్కాలి వరిలో.