ఫ్లాట్‌లో కుండీ మొక్కలు ఎందుకు కాయవు: అపోహలు, వాస్తవాలు

మొక్క నడుమెత్తు పెరిగినా టమాటాలు మాత్రం గోలీలంతవి రెండో మూడో కాశాయని చెప్పేవాళ్లు ఏడాది పొడుగునా కలుస్తూనే ఉంటారు. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో కూరగాయల కుండీలు పెట్టించడం నా పని. కాపు సరిగా రాకపోతే విత్తనం నకిలీదేమో, తమ చెయ్యి మంచిది కాదేమో అని బాధపడతారు. చాలా ఇళ్లలో కారణం ఆ రెండూ కాదు, వెలుతురు.

అపోహ: గది వెలుగ్గానే ఉంది కదా, మొక్కకు చాలు.

వాస్తవం: మన కన్ను తక్కువ వెలుతురుకు ఇట్టే అలవాటుపడుతుంది కాబట్టి తేడా తెలియదు. మిట్టమధ్యాహ్నం ఆరుబయట దాదాపు లక్ష లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) వెలుతురు ఉంటే, ఎండ నేరుగా పడని కిటికీ దగ్గర అది కొన్ని వేలకు, గది మధ్యలో కొన్ని వందలకు పడిపోతుంది. టమాటా, మిర్చి, వంగ, బెండకు రోజుకు కనీసం 6 గంటలు నేరుగా ఎండ తగలాలి. అది లేకపోతే మొక్క కిటికీ వైపు సన్నగా సాగుతుంది, కణుపుల మధ్య దూరం పెరుగుతుంది, పూత వచ్చినా రాలిపోతుంది. ఆకు వండుకున్న తిండి కాండానికే చాలనప్పుడు కాయకేం మిగులుతుంది?

బాల్కనీ ఏ దిక్కున ఉందో కూడా చూసుకోవాలి. హైదరాబాద్ సుమారు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు. అంటే టమాటాకు బాగా కలిసొచ్చే ఆ నెలల్లోనే ఉత్తరం బాల్కనీలో ఎండ పడదు, దక్షిణం బాల్కనీలోనేమో లోపలి దాకా వస్తుంది. తూర్పున ఎదురుగా మరో టవర్ లేకపోతే పొద్దున ఎండ దొరుకుతుంది, ఆకుకూరలకు అది సరిపోతుంది.

కుండీ కొనేముందే ఒక చిన్న పరీక్ష చేయండి. అనుకున్న చోట తెల్లకాగితం పెట్టి, దానిపైన జానెడు ఎత్తులో చెయ్యి పట్టండి. నీడ అంచులు స్పష్టంగా, చాలాసేపు కనిపిస్తే కాయగూరలు పెట్టొచ్చు. మసకగా ఉంటే ఆకుకూరలు. నీడే పడకపోతే అక్కడ తినే పంట వద్దు.

అపోహ: కాయడం లేదంటే ఎరువు చాలలేదు.

వాస్తవం: నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే. ఎండ లేని మొక్కకు గుప్పెళ్ల కొద్దీ ఎరువు వేస్తే వాడుకోలేదు, లవణాలు మట్టిలో పేరుకుని ఆకు అంచులు మాడతాయి. ఎండ ఉన్నచోట కూడా నత్రజని ఎక్కువైతే ఆకు గుబురుగా పెరిగి పూత వెనకబడుతుంది. ఒట్టి కోకోపీట్‌లో, అంటే కొబ్బరి పీచు పొట్టులో, నాటినవాళ్ల సంగతి వేరు. అందులో పోషకాలు నామమాత్రం కాబట్టి వర్మీకంపోస్ట్ లాంటిది కలపాల్సిందే.

అపోహ: పూత వచ్చిందంటే కాయ వచ్చినట్టే.

వాస్తవం: టమాటా పువ్వులో ఆడ, మగ భాగాలు రెండూ ఉంటాయి. కానీ కదలిక ఉంటేనే పుప్పొడి బాగా రాలుతుంది. బయట ఆ పని గాలి, తుమ్మెదలు చేస్తాయి. మూసిన గదిలో మనమే చేయాలి. ఉదయం ఎండ ఎక్కాక పూలగుత్తి కాడను వేలితో మెల్లగా తట్టండి. సొర, బీరలకు ఆడపూలు, మగపూలు వేరువేరు. పువ్వు కింద చిన్న పిందె ఉంటే అది ఆడపువ్వు. సొరపూలు సాయంత్రం విచ్చుకుంటాయి, పొద్దునపూట చేతితో పరాగ సంపర్కం చేద్దామని కూర్చుంటే ఆలస్యమైనట్టే. ఇంకో సంగతి, పగలు 35, రాత్రి 24 డిగ్రీలు దాటే ఎండాకాలంలో ఎంత తట్టినా టమాటాకు పిందె సరిగా పట్టదు.

అపోహ: కుండీ అడుగున గులకరాళ్లు వేస్తే నీరు నిలవదు.

వాస్తవం: మట్టి పూర్తిగా తడిసేదాకా నీరు రాళ్లలోకి దిగదు. బురదగా ఉండే పొర పైకి, వేళ్ల దగ్గరికి జరుగుతుంది, అంతే. అడుగున రంధ్రాలు, గుల్లగా ఉండే మట్టి చాలు.

అపోహ: మొక్కల కోసమని అమ్మే ఊదారంగు లైటు పెడితే ఇంట్లో ఏదైనా పండుతుంది.

వాస్తవం: మామూలు తెల్ల ఎల్‌ఈడీ కూడా పనిచేస్తుంది. ఆకులకు అడుగు ఎత్తులో, రోజుకు 14 గంటలు వెలిగిస్తే మెంతి, కొత్తిమీర, పుదీనా చక్కగా వస్తాయి. టమాటాకు చాలినంత వెలుతురు ఇవ్వాలంటే మాత్రం కరెంటు బిల్లు కాయల ఖరీదును దాటిపోతుంది. అందుకే నేను లైట్లను ఆకుకూరల వరకే పెట్టిస్తాను.