‘ఎప్పుడైనా అరెస్టయ్యారా?’: ఒక ప్రశ్న వెనుక నూట యాభై ఏళ్ల కథ

అమెరికాలో ఉన్న కూతురి దగ్గర వేసవి గడిపి రావాలని కావలిలో ఒక రిటైర్డ్ మాస్టారు వీసా దరఖాస్తు నింపిస్తున్నారనుకుందాం. బస్టాండు దగ్గరి ఇంటర్నెట్ సెంటరులో కుర్రవాడు చకచకా టైపు చేసుకుపోతూ ఒకచోట ఆగుతాడు. ఏ నేరానికైనా ఎప్పుడైనా అరెస్టయ్యారా, శిక్ష పడిందా, తర్వాత క్షమాభిక్ష దొరికినా సరే చెప్పండి, అన్నది అక్కడి ప్రశ్న సారాంశం. మాస్టారికి పాతికేళ్ల కిందటి సంక్రాంతి గుర్తుకొస్తుంది. మామిడితోటలో పేకాట, ఉన్నట్టుండి పోలీసు జీపు, స్టేషను బల్ల మీద ఒక రాత్రి, ఆ తర్వాత కోర్టులో తప్పు ఒప్పుకుని కట్టిన జరిమానా.

“అది కూడా ఒక కేసేనా మాస్టారూ, లేదు అని పెట్టేస్తాను” అంటాడు కుర్రవాడు.

చిక్కంతా ఆ రెండక్షరాల ‘లేదు’తోనే మొదలవుతుంది. మన ఊళ్లలో జైలుకు వెళ్తేనే కేసు. జరిమానా కట్టి ఇంటికొస్తే అయిపోయినట్టు, లోక్ అదాలత్‌లో రాజీపడితే అసలు లేనట్టు. చట్టం లెక్క అలా ఉండదు. 1974 నాటి గేమింగ్ చట్టం కింద తప్పు ఒప్పుకుని వంద రూపాయలు కట్టినా అది శిక్ష పడినట్టే. రాజీ అయిన కేసును చట్టం నిర్దోషిగా విడుదలైనదానితో సమానంగా చూస్తుంది, నిజమే. కాని అంతకుముందు అరెస్టు జరిగి ఉంటే ఆ సంగతి రాజీతో చెరిగిపోదు. ప్రశ్న అడుగుతున్నది అరెస్టు గురించి కూడా.

పోలీసు పుస్తకంలో పేరున్నవాడు పొలిమేర దాటడమెలా అన్నది కావలి ప్రాంతానికి కొత్త ప్రశ్నేమీ కాదు. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం తెచ్చిన నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు రాజధానికి విస్తరించింది. ఆ తర్వాత కావలిలోనూ, బిట్రగుంట దగ్గరి కప్పరాళ్లతిప్పలోనూ అమెరికన్ బాప్టిస్టు మిషన్ నిర్వహణలో సెటిల్‌మెంట్లు వెలిశాయి. ఎరుకల కుటుంబాలను తెచ్చి వాటిలో ఉంచారు. వేలిముద్రలు తీసుకున్నారు, వేళకు హాజరు పలికించారు, ఊరు దాటాలంటే చేతిలో పాసు ఉండాలన్నారు. అక్కడ మనిషి ఏం చేశాడన్నది ఎవరికీ పట్టలేదు, ఎవరికి పుట్టాడన్నదే చూశారు. 1952 ఆగస్టు 31న ఆ చట్టం దేశమంతటా రద్దయింది. దాని స్థానంలో అలవాటు నేరస్థుల చట్టాలు వచ్చాయి, స్టేషన్లలో షీట్లు మిగిలాయి. మనం పిల్లల్ని సరదాగా తిట్టే ‘కేడీ’ అన్న మాట కూడా పోలీసు రిజిస్టర్లలో పాత నేరస్థుల పేర్ల పక్కన వేసే ‘కె.డి.’ అనే ముద్ర నుంచి ఊడిపడిందే.

విదేశాల సంగతికొస్తే, మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు ఇక్కడివారు పాస్‌పోర్టు లేకుండానే ఓడలెక్కేవారు. యుద్ధంతో పాస్‌పోర్టు వచ్చింది, తర్వాత పోనేలేదు. స్వాతంత్ర్యం వచ్చాక కూడా చాలాకాలం అది ప్రభుత్వం దయతలచి ఇచ్చే కాగితంగానే ఉండేది. ఎవరికివ్వాలి, ఎవరికి కూడదు అని చెప్పే చట్టమే లేదు. 1967 ఏప్రిల్‌లో సత్వంత్ సింగ్ సాహ్నీ కేసులో సుప్రీంకోర్టు, విదేశాలకు వెళ్లడం వ్యక్తిస్వేచ్ఛలో భాగమని, చట్టం లేకుండా అధికారి ఇష్టానికి దాన్ని ఆపకూడదని చెప్పింది. రెండు నెలలు తిరిగేసరికి పాస్‌పోర్టుల చట్టం తయారైంది. 1978 నాటి మేనకా గాంధీ తీర్పు దానికి మరో మెట్టు కట్టింది. చట్టముంటే చాలదు, అది న్యాయంగా కూడా ఉండాలంది.

ఆ 1967 చట్టం మనవాళ్లు భయపడేంత కఠినమైనదేమీ కాదు. దరఖాస్తుకు ముందరి ఐదేళ్లలో, నైతిక పతనంతో కూడిన (మోసం, దొంగతనం లాంటి) నేరానికి, రెండేళ్లకు తగ్గని జైలు శిక్ష పడి ఉంటేనే పాత శిక్ష కారణంగా పాస్‌పోర్టు నిరాకరించవచ్చు. ఈ మూడూ కలవాలి. మాస్టారి పేకాట ఇందులో ఎక్కడా ఇమడదు. కోర్టులో కేసు నడుస్తున్నవారి సంగతి వేరు. వారికి 1993 ఆగస్టు 25 నాటి నోటిఫికేషన్ ఒక దారి తెరిచింది. కోర్టు అనుమతి తెచ్చుకుంటే ఆ ఉత్తర్వులో రాసినంత కాలానికి, గడువు రాయకపోతే ఏడాదికి పాస్‌పోర్టు ఇస్తారు. కేవలం ఎఫ్‌ఐఆర్ ఉన్నంత మాత్రాన కేసు కోర్టులో ఉన్నట్టు కాదని విదేశాంగ శాఖ 2019లో స్పష్టం చేసింది. ఈ ముక్క చాలామంది దరఖాస్తుదారులకే కాదు, విచారణకు ఇంటికొచ్చే కానిస్టేబుళ్లలోనూ కొందరికి తెలియదని నా అనుమానం.

మారిందల్లా దాచగలిగే వీలు. ఒకప్పుడు ఒంగోలులో కాపురమున్నవాడి మీద కందుకూరులో కేసుంటే, ఎవరో పనిగట్టుకుని చెబితే తప్ప ఒంగోలు స్టేషనుకు తెలిసేది కాదు. 2009లో మంజూరైన సీసీటీఎన్ఎస్ పథకం దేశంలోని స్టేషన్లను కంప్యూటర్లతో కలిపింది. పేరు కొడితే పక్క జిల్లా కేసూ తెర మీదికొస్తోంది.

ఇక అవతలి గట్టు. అమెరికా 1875లోనే శిక్ష అనుభవిస్తున్న నేరస్థులను రానివ్వబోనంది, రాజకీయ నేరాలను మాత్రం మినహాయించింది. ‘నైతిక పతనం’ అన్న మాట 1891లో ఆ దేశపు వలస చట్టంలోకి ఎక్కింది, ఇప్పటికీ దిగలేదు. మోసం, దొంగతనం లాంటివి దాని కిందికొస్తాయి. సరదా పేకాట మామూలుగా రాదు. అంటే మాస్టారు ‘అవును’ అని రాసి, రెండు ముక్కల్లో వివరమిస్తే పోయేదేమీ పెద్దగా లేదు. ‘లేదు’ అని రాసి పట్టుబడితే మాత్రం, వీసా కోసం అబద్ధమాడినందుకు ఆ దేశపు తలుపు శాశ్వతంగా మూసుకుపోవచ్చు. అసలు తప్పుకు వంద రూపాయలు, దాన్ని దాచినందుకు జీవితకాలం!

కెనడాది ఇంకో రకం పేచీ. మన దగ్గర ఎంత శిక్ష వేశారన్నది వారికి ముఖ్యం కాదు, అదే పని కెనడాలో చేస్తే గరిష్ఠంగా ఎంత పడుతుందో చూస్తారు. తాగి బండి నడిపితే ఇక్కడ మొదటిసారికి ఆరు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. చాలామంది జరిమానా కట్టి బయటపడతారు. కెనడా 2018 డిసెంబరు 18 నుంచి ఆ నేరానికి గరిష్ఠ శిక్షను పదేళ్లు చేసింది. దాంతో అది తీవ్ర నేరాల వరుసలో చేరింది. పదేళ్లు గడిచాయి కదా అని దానంతటదే మాసిపోదు. శిక్ష పూర్తయిన ఐదేళ్ల తర్వాత, మారిన మనిషినని ప్రత్యేకంగా దరఖాస్తు పెట్టుకోవాలి. ఆస్ట్రేలియా, బ్రిటన్ పన్నెండు నెలలు, అంతకుమించిన జైలు శిక్షను గీతగా పెట్టుకున్నాయి. నేపాల్‌కైతే ఓటరు కార్డు చాలు. ముక్తినాథ్ యాత్రకు వెళ్లే నెల్లూరు బృందాలను ఈ ప్రశ్న అడిగేవారే లేరు.

బ్రిటన్‌లో 1974 నుంచి ఒక చట్టముంది. చిన్న శిక్షలు కొన్నేళ్లకు ‘కాలం చెల్లినవి’ అవుతాయి, ఉద్యోగానికి వెళ్లినప్పుడు చెప్పనక్కరలేదు. వలస వ్యవహారాల్లో మాత్రం ఆ వెసులుబాటును 2012లో తీసేశారనుకోండి. మనకు అలాంటిది అసలే లేదు. బాల నేరస్థుల రికార్డును తొలగించాలని ఒక చట్టం, జైలుకు పంపకుండా ప్రొబేషన్ మీద వదిలినవారికి అనర్హత అంటకూడదని 1958 నాటి మరో చట్టం ఉన్నాయి, అంతే. సారా వ్యతిరేక ఉద్యమం పుట్టిన జిల్లా మన నెల్లూరు. 1995లో మద్యనిషేధం వచ్చింది, 1997లో ఎత్తేశారు. ఆ మధ్యకాలంలో సీసాతో దొరికి శిక్ష పడినవారి రికార్డును మాత్రం ఎవరూ ఎత్తేయలేదు. ఇప్పుడు అదే సీసా వీధి మలుపులో రశీదుతో దొరుకుతుంది.

కాబట్టి మాస్టారు ఇంటర్నెట్ సెంటరు నుంచి లేచి ముందు వెళ్లాల్సింది కోర్టుకు. కేసు నంబరు గుర్తుంటే నకలు దరఖాస్తు తేలికే. లేకపోతే ఏడాది చెప్పి, గుమాస్తాను బతిమాలి, రిజిస్టరు తిప్పించాలి. అంత పాత కాగితాలు గడువు తీరి తగలబెట్టేశారంటే, రికార్డు లభ్యం కాదని కోర్టు రాసిచ్చే ఎండార్స్‌మెంటు తీసుకోవాలి. తీర్పు తెలుగులో ఉంటే ఇంగ్లీషు అనువాదం చేయించాలి. ఇవన్నీ ఇంటర్వ్యూ రోజు ఫైలులో, పాస్‌పోర్టు పక్కనే ఉండాలి.