శంకరాభరణంలో తులసి గురించి పిల్లలకు ఒక ఉత్తరం

చిరంజీవులైన పిల్లలకు,

అమ్మమ్మ ఆశీస్సులు. సంక్రాంతి సెలవుల్లో మీరందరూ కూర్చుని ‘శంకరాభరణం’ చూసిన తరువాత మీలో ఒకరు “చివరికి తులసి ఎందుకు చనిపోవాలి?” అని అడిగితే, అంత గొప్ప సినిమాకు వంకలు పెట్టకూడదని పెద్దవాళ్ళు మందలించారని తెలిసింది. అది వంక కాదు, చాలా మంచి ప్రశ్న. ఆ సినిమా అంటే నాకు ప్రాణం. అయినా దాని గురించి తెలుగువారిలో ఎక్కువమంది ఒప్పుకోని రెండు అభిప్రాయాలు నాకు చాలా కాలంగా ఉన్నాయి. అవి ఏమిటో, ఎందుకు అలా అనుకుంటున్నానో మీకు వివరంగా రాయాలనిపించింది.

ముందు ఆ సినిమా మీద మన పెద్దలకు ఇంత గౌరవం ఎందుకో మీరు తెలుసుకోవాలి. 1980 ఫిబ్రవరి 2న అది విడుదలైనప్పుడు అందులో పేరున్న కథానాయకుడు లేడు. కథకు కేంద్రమైన సంగీత విద్వాంసుడు శంకరశాస్త్రిగా నటించిన జె.వి. సోమయాజులు గారు డిప్యూటీ కలెక్టరుగా ఉద్యోగం చేస్తూ నాటకాలు ఆడే నడివయసు మనిషి. ఫైటింగులు లేవు, కథానాయకుడి పక్కన చిందులు లేవు. ఏడిద నాగేశ్వరరావు గారు డబ్బు పెట్టారు, కె. విశ్వనాథ్ గారు తీశారు, జంధ్యాల గారు మాటలు రాశారు, వేటూరి గారు పాటలు రాశారు, కె.వి. మహదేవన్ గారు స్వరాలు కట్టారు. సంగీత కచేరీకి ఎన్నడూ వెళ్ళని వాళ్ళు కూడా టిక్కెట్టు కొనుక్కుని త్యాగరాజ కీర్తనలు విన్నారు. చిన్న ఊళ్ళలో సైతం తల్లిదండ్రులు పిల్లలను సంగీతం మాస్టారి దగ్గర చేర్చారు. సంగీత దర్శకుడికి, గాయకుడికి, గాయని వాణీ జయరాం గారికి జాతీయ బహుమతులు వచ్చాయి. ఒక తరం మొత్తం తన సంస్కృతికి మళ్ళీ గౌరవం దక్కిందని భావించిన సినిమా కనుక, దాని మీద చిన్న మాట అన్నా వాళ్ళకు తమ ఇంటి పెద్దను అన్నట్టుగా ఉంటుంది. ఆ బాధను మీరు తేలికగా తీసుకోవద్దు.

ఇక నా మొదటి అభిప్రాయం చెబుతాను. ఆ కథలో సంగీతానికి అందరికన్నా ఎక్కువ చేసింది తులసి అని, అయితే సినిమా ఆమెకు దక్కవలసినది ఆమెకు దక్కనివ్వలేదని నేను నమ్ముతున్నాను.

కథను ఒక్కసారి తులసి వైపు నుంచి చూడండి. వేశ్య ఇంట పుట్టిన ఆ పిల్లకు తన తల్లి చూపించే బ్రతుకు వద్దు, నాట్యం కావాలి, సంగీతం కావాలి. తల్లి ఆమెను జమీందారుకు అప్పగిస్తే అతను బలాత్కారం చేస్తాడు. అప్పటివరకు మౌనంగా భరించిన తులసి, ఆ మనిషి తాను పూజించే శాస్త్రిగారి చిత్రాన్ని అవమానించినప్పుడు మాత్రమే తిరగబడి అతన్ని చంపుతుంది. ఈ చోట నేను ప్రతిసారీ ఆగిపోతాను. తన శరీరానికి జరిగిన ఘోరానికి రాని కోపం గురువు బొమ్మకు జరిగిన అవమానానికి వచ్చిందంటే, భక్తికి అది పరాకాష్ఠ అని చాలామంది అంటారు. కానీ తన కోసం తాను కోపం తెచ్చుకునే హక్కు ఆ అమ్మాయికి కథ ఎందుకు ఇవ్వలేదన్నది నా ప్రశ్న.

తరువాత శాస్త్రిగారు ఆమెకు ఆశ్రయం ఇస్తారు, అది నిజంగా సాహసమే. ఊరు వెలివేసినంత పని చేస్తుంది, పక్కవాద్యాల వాళ్ళు కచేరీకి రాకుండా తప్పుకుంటారు, అయినా ఆయన లొంగడు. అయితే ఆ అవమానానికి పరిష్కారం వెతికే బాధ్యత ఎవరి మీద పడింది? తులసి మీదనే. ఆయన పరువు కాపాడడానికి ఆమె ఇల్లు విడిచి వెళ్ళిపోతుంది. బలాత్కారం వల్ల పుట్టిన బిడ్డను కని, పెంచి, తన కొడుకని చెప్పుకోకుండా అనాథగా ఆయన దగ్గరకు పంపి సంగీతం నేర్పిస్తుంది. ఆయన పేదరికంలో ఉన్నప్పుడు తనకు వచ్చిన ఆస్తితో ఆయన కుటుంబాన్ని ఆదుకుంటుంది, ఆయన కచేరీకి ఏర్పాట్లు చేయిస్తుంది. ఇన్ని చేసిన మనిషికి సినిమా మొత్తంలో మాటలు ఎంత తక్కువో మళ్ళీ చూసినప్పుడు గమనించండి. మంజుభార్గవి గారు కళ్ళతోనే నటించి ఆ పాత్రను నిలబెట్టారు. అది ఆమె ప్రతిభ.

ఆఖరి కచేరీని దగ్గరగా చూడండి. ‘దొరకునా ఇటువంటి సేవ’ పాడుతూ శాస్త్రిగారు మధ్యలో కుప్పకూలితే, పిల్లవాడు లేచి ఆ పాటను అందుకుని పూర్తి చేస్తాడు. శాస్త్రిగారు పాండిత్యానికి గుర్తుగా తాను ధరించిన గండపెండేరాన్ని ఆ పిల్లవాడి కాలికి తొడుగుతారు. విద్య గురువు నుంచి శిష్యుడికి, పురుషుడి నుంచి బాలుడికి అందింది. ఆ బాలుణ్ణి అక్కడికి చేర్చిన తల్లి మాత్రం పరుగెత్తుకు వచ్చి గురువు పాదాల మీద ఒరిగి ప్రాణం విడుస్తుంది. హాలంతా కన్నీరు పెడుతుంది, నేనూ పెట్టాను. కానీ ఆమెకు వయసు మీరలేదు, జబ్బు లేదు, కళ్ళ ముందు కొడుకు ఉన్నాడు, చేతిలో ఆస్తి ఉంది, కాళ్ళలో నాట్యం ఉంది. ఆమె బ్రతికి ఉంటే ఏమి చేస్తుందో ఊహించడానికి కథ సిద్ధపడలేదు కనుకనే ఆమెను అక్కడ ముగించిందని నా అభిప్రాయం.

అటువంటి స్త్రీ బ్రతికి ఉంటే ఏమి చేస్తుందో ఊహించుకోవలసిన అవసరం లేదు, చరిత్రలోనే ఉంది. బెంగుళూరు నాగరత్నమ్మ గారు 1878లో దేవదాసి కుటుంబంలో పుట్టారు. తెలుగు, సంస్కృతం, కన్నడం చదువుకున్న విదుషి, గొప్ప గాయని. తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధి శిథిలమై ఉందని తెలిసి, 1920లలో తన సొంత డబ్బు పెట్టి అక్కడ గుడి కట్టించారు. అప్పట్లో ఆరాధనలో స్త్రీలు పాడడానికి పురుష విద్వాంసులు ఒప్పుకోలేదు. ఆమె ఊరుకోలేదు, గుడి వెనుక భాగంలో స్త్రీలతో వేరుగా ఆరాధన చేయించి, పట్టు విడవకుండా పోరాడి, చివరికి అందరితో కలిసి పాడే స్థానం సంపాదించారు. 1952లో కన్నుమూసే వరకు త్యాగరాజ సేవలోనే ఉన్నారు. ఆమె సమాధి కూడా అక్కడే ఉంది, ఆ గుడి వైపు చూస్తూ కూర్చున్న ఆమె విగ్రహాన్ని మీరు తిరువయ్యారు వెళితే చూడవచ్చు. తన ఆస్తిని సంగీతానికి ధారపోయడంలో ఆమెకు, తులసికి భేదం లేదు. కానీ నాగరత్నమ్మ గారు తానూ పాడారు, తనకు అడ్డం వచ్చినవారితో వాదించారు, డెబ్బై ఏళ్ళు దాటి జీవించారు.

మన గోదావరి జిల్లాలలోనూ ఇటువంటి కథలు ఉన్నాయి. అక్కడి కలావంతుల స్త్రీలు గుళ్ళలో, సభల్లో తరతరాలుగా పదాలు, జావళీలు, కీర్తనలు పాడుతూ నాట్యం చేస్తూ వాటిని కాపాడారు. 1947లో మద్రాసు రాష్ట్రంలో వచ్చిన చట్టం ఆడపిల్లలను దేవుడికి అంకితం చేయడాన్ని, గుళ్ళలో వారి నాట్యాన్ని నిషేధించింది. తులసిని తల్లి అమ్మినట్టు పిల్లలను అమ్మే దుర్మార్గాన్ని ఆపడానికి ఆ చట్టం అవసరమే, దానిని నేను తప్పు పట్టను. కానీ దానితో పాటు ఆ స్త్రీల చేతిలోని విద్య కూడా వారి నుంచి పోయింది. అదే విద్య మర్యాదస్తుల ఇళ్ళకు చేరి గౌరవం పొందింది. తరువాత నటరాజ రామకృష్ణ గారు ఊరూరా తిరిగి, సరిదె మాణిక్యమ్మ గారి వంటి పెద్దలను కలిసి, వారి నాట్యాన్ని ఆంధ్రనాట్యం పేరుతో మళ్ళీ వేదిక మీదికి తెచ్చారు. ఈ సంగతులు తెలిసినవారికి, సంప్రదాయాన్ని ఒక్క శాస్త్రిగారే మోస్తున్నట్టు చూపించిన కథలో ఏదో వెలితి కనిపించక తప్పదు.

నా రెండవ అభిప్రాయం పాశ్చాత్య సంగీతం గురించి. సినిమాలో ఒక రాత్రి వీధిలో కుర్రవాళ్ళు గిటార్లతో గోల చేస్తూ శాస్త్రిగారిని వెక్కిరిస్తే, ఆయన వారి పాటకు స్వరం చెప్పి చూపించి, తన స్వరాన్ని పాడమని వారిని సవాలు చేస్తారు. అప్పుడు ఆయన చెప్పే మాటల సారం, సంగీతానికి జాతి, దేశం, భాష అనే భేదాలు లేవని, ఒకటి గొప్పది మరొకటి తక్కువది అని నిర్ణయించడానికి మనం ఎవరమని. ఎంత ఉదారమైన మాట! అదే శాస్త్రిగారు చివరి సభలో పాశ్చాత్య సంగీతాన్ని మన దీపాన్ని ఆర్పబోయే పెనుతుఫానుగా వర్ణిస్తారు. ప్రేక్షకులు మొదటి మాటను మరిచి రెండవ మాటను ఇంటికి తీసుకెళ్ళారు, అది నాకు విచారం కలిగిస్తుంది.

ఎందుకంటే ఆ సినిమాకు పేరుగా పెట్టుకున్న రాగమే వేరే కథ చెబుతుంది. దాని పూర్తి పేరు ధీరశంకరాభరణం, అది ఇరవై తొమ్మిదవ మేళకర్త, అంటే వేరే రాగాలు పుట్టే మూల రాగం. దాని స్వరాలు ఐరోపా వాళ్ళ మేజర్ స్కేలు స్వరాలకు సరిపోతాయి. త్యాగరాజస్వామి కాలపు వాగ్గేయకారుడు ముత్తుస్వామి దీక్షితులు గారు మద్రాసు దగ్గర మణలిలో ఉన్న కాలంలో ఇంగ్లీషు బ్యాండు మేళం విని, ఆ బాణీలకు సంస్కృత సాహిత్యం కట్టారు. అవే నొట్టుస్వరాలు, అన్నీ శంకరాభరణ రాగంలోనే. ‘సంతతం పాహిమాం’ అనే నొట్టుస్వరానికి ఆధారం బ్రిటిష్ వాళ్ళ జాతీయ గీతం బాణీ. వాటిని ఇప్పటికీ సంగీతం నేర్చుకునే చిన్నపిల్లలకు నేర్పిస్తున్నారు. ఆయన తమ్ముడు బాలుస్వామి దీక్షితులు గారు వయొలిన్ నేర్చుకుని కర్ణాటక సంగీతానికి అమర్చారు. ఆ వయొలిన్ తోనే మన ద్వారం వెంకటస్వామి నాయుడు గారు విజయనగరం సంగీత కళాశాలలో పాఠం చెప్పి దేశమంతా పేరు పొందారు. తుఫాను అన్న చోటి నుంచే మన కచేరీకి పక్కవాద్యం వచ్చింది కదా!

ఇంకొక మాట కూడా చెప్పాలి. శాస్త్రిగారి గొంతుగా మనం విన్నది ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారి గొంతు. ఆయన శాస్త్రీయ సంగీతాన్ని గురుముఖంగా అభ్యసించినవారు కారు; సినిమా పాటలతో ఎదిగిన గాయకుడు. మహదేవన్ గారు కట్టిన స్వరాలను కష్టపడి నేర్చుకుని పాడి జాతీయ బహుమతి పొందారు. శాస్త్రీయ సంగీతాన్ని ఇంటింటికి చేర్చిన ఆ గొంతు, కథలోని శాస్త్రిగారు పట్టించుకోని ప్రపంచం నుంచే వచ్చింది.

‘గుండమ్మ కథ’ మీద కూడా నాకు పదిమంది ఒప్పుకోని అభిప్రాయం ఉంది, కొద్ది మాటల్లో చెబుతాను. 1962 నుంచి ఇప్పటివరకు అందరూ సూర్యకాంతం గారి గయ్యాళితనాన్ని చూసి నవ్వుతూనే ఉన్నారు. సవతి కూతురు లక్ష్మి చేత గుండమ్మ చాకిరీ చేయించడం అన్యాయమే. అయితే ఇల్లు నడిపే ఆ విధవరాలి ఇంట్లోకి ఇద్దరు అన్నదమ్ములు అసలు సంగతి దాచి, అబద్ధాలతో ప్రవేశించి పెళ్ళిళ్ళు చేసుకుంటారు. ఆ అబద్ధాలకు వారికి శిక్ష లేదు, గుండమ్మకు, ఆమె సొంత కూతురు సరోజకు మాత్రం బుద్ధి చెప్పడం జరుగుతుంది. నవ్వు ఎవరి ఖర్చు మీద వస్తున్నదో గమనించమని మాత్రమే నా మనవి.

ఇటువంటి అభిప్రాయాలు మీకు కలిగినప్పుడు “ఆ సినిమా నాకు నచ్చలేదు” అని ఊరుకోకండి, “ఓవర్ రేటెడ్” అనే మాటతో తేల్చేయకండి. ఏ సన్నివేశం, ఏ మాట మిమ్మల్ని ఆపిందో వేలుపెట్టి చూపించగలగాలి. దానికి సినిమాను మళ్ళీ చూడాలి, వీలైతే దానిని ప్రేమించే వారి పక్కన కూర్చుని చూడాలి. నలుగురూ మెచ్చుకున్నారు కనుక తిట్టాలి అనుకోవడం కూడా గుంపును అనుసరించడమే. శంకరాభరణం నెమ్మదిగా నడుస్తుందని మీ వయసువారు అంటుంటారు. అది మాత్రం నేను ఒప్పుకోను, రాగం విస్తరించడానికి ఆ నడక కావాలి.

మీ మామయ్య ఈ విషయంలో నాతో ఎప్పుడూ విభేదిస్తాడు. తులసి మరణం ఓటమి కాదని, గురువులో లీనం కావడమే ఆమె కోరుకున్న ముక్తి అని, దానిని మన కాలపు హక్కుల లెక్కతో కొలవకూడదని అతని వాదన. భక్తి కథల్లో అటువంటి ముగింపులు ఉన్నమాట నిజమే. ఆ కోణంలో చూస్తే విశ్వనాథ్ గారు తమ కథకు నమ్మకంగానే ఉన్నారు. కానీ ముక్తి గురువుగారికి లభించింది, గండపెండేరం పిల్లవాడికి లభించింది. తులసికి కనీసం ఒక పాట పాడే అవకాశమైనా ఉంటే నేను మీ మామయ్య మాటను ఒప్పుకునేదాన్ని. మీరు సినిమాను మళ్ళీ చూసి, ఆ చివరి సన్నివేశంలో తులసి ముఖంలో మీకు తృప్తి కనిపించిందో, ఇంకేమైనా కనిపించిందో నాకు జవాబు రాయండి. మామయ్య మాటే సరి అనిపిస్తే అలాగే రాయండి, కారణం మాత్రం తప్పకుండా చెప్పండి.

ఇట్లు,
మీ అమ్మమ్మ