యాంటీబాడీ టౌని ఎక్కడ పట్టుకోవాలి?

ప్రియమైన పిల్లలకు,

మీ ఉత్తరాల్లో ఒక ప్రశ్న నన్ను వదల్లేదు. "మెదడును పాడుచేసే ప్రోటీన్ ఏదో తెలిసింది, దాన్ని పట్టుకునే యాంటీబాడీని తయారుచేయడమూ వచ్చింది. ఇంకా మందు ఎందుకు రాలేదు?" అని అడిగారు. ఇలా అడిగే పిల్లలంటే నాకు చాలా ఇష్టం. యాంటీబాడీ అంటే, ఒక ఫలానా పదార్థాన్నే గుర్తుపట్టి పట్టుకునే రక్షక అణువు.

ఆ ప్రోటీన్ పేరు టౌ. నిజానికి అది మనకు కావలసినదే. నాడీకణాల నుంచి పొడవుగా సాగే తీగల్లో సన్నటి గొట్టాలుంటాయి. కణానికి కావలసిన సరుకు వాటి వెంటే నడుస్తుంది. ఆ గొట్టాలు చెదిరిపోకుండా టౌ కాపాడుతుంది. అల్జీమర్స్ లాంటి జబ్బుల్లో అదే టౌ గొట్టాలను వదిలేసి, ఒకదానికొకటి చుట్టుకుని చిక్కుముళ్లు పడుతుంది. ఈ చిక్కుముళ్ల గురించి అలోయిస్ అల్జీమర్ 1906లోనే చెప్పారు. అవి టౌతో అల్లుకున్నవని తేలడానికి మాత్రం 1980ల దాకా పట్టింది.

చెడిన టౌ ముక్క ఒక కణం నుంచి బయటపడి పక్క కణంలోకి చేరి, అక్కడి మంచి టౌని కూడా తనలా మార్చేస్తుంది. దాన్ని ఆ దారి మధ్యలోనే యాంటీబాడీతో పట్టేయాలన్నది ఆలోచన.

ముందు ప్రయోగశాలలో పెంచిన కణాల మీద చూస్తారు. చనిపోయాక మెదడును దానమిచ్చినవాళ్ల నుంచి తీసిన టౌని వాటికి తగిలించి, యాంటీబాడీ ఉంటే ఎన్ని కణాల్లో ముద్దకట్టింది, లేకపోతే ఎన్నింటిలో కట్టింది అని లెక్కపెడతారు. ఆ దాతలను తలుచుకున్నప్పుడల్లా నాకు చేతులు జోడించాలనిపిస్తుంది. తర్వాత మనిషి టౌ జన్యువు పెట్టిన ఎలుకలు. ఆ తర్వాత మనుషులు. కొందరికి మందు, కొందరికి అచ్చం దానిలాగే కనిపించే ఉత్త ద్రవం ఇస్తారు. ఎవరికి ఏది వెళ్లిందో పరీక్ష ముగిసేదాకా రోగికీ తెలియదు, డాక్టరుకీ తెలియదు.

గోసురనెమాబ్ అనే యాంటీబాడీ కథ వినండి. నడకనూ కంటి కదలికలనూ దెబ్బతీసే పీఎస్‌పీ అనే జబ్బులో దాన్ని పరీక్షించారు. వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవంలో అది టౌని దాదాపు పూర్తిగా పట్టేసింది. జబ్బు మాత్రం నెమ్మదించలేదు. 2019లో ఆ పరీక్ష ఆపేశారు. ఎందుకిలా? అది పట్టుకునేది టౌ మొదటి కొసను. జబ్బును పాకించే ముక్కల్లో చాలావాటికి ఆ కొస తెగిపోయి ఉంటుందని పరిశోధకుల అనుమానం. పైగా టౌ ఎక్కువగా కణం లోపలే ఉంటుంది. రక్తంలోకి ఎక్కించిన యాంటీబాడీలో మెదడు దాకా చేరేది సుమారు వెయ్యో వంతే.

అందుకే ఇప్పుడు చూపు టౌ మధ్యభాగం మీదికి మళ్లింది. బెప్రనెమాబ్ అక్కడే పట్టుకుంటుంది. 2024లో ఫలితాలు వచ్చాయి. జ్ఞాపకశక్తినీ రోజువారీ పనులనూ అంచనా వేసే ముఖ్యమైన కొలమానంలో అది గెలవలేదు, కానీ మెదడు స్కాన్లలో టౌ పేరుకోవడం నెమ్మదించింది. ఆ వార్త చదివిన రోజు నాకు దిగులూ ఆశా రెండూ కలిగాయి.

ఈ2814 అనే మరో యాంటీబాడీ, టౌ గొట్టాన్ని అంటిపెట్టుకునే చోటునే పట్టుకుంటుంది. జన్యువుల వల్ల నడివయసులోనే అల్జీమర్స్ వచ్చే కుటుంబాలలో దాన్ని పరీక్షిస్తున్నారు. ఆ పరీక్షలో చేరినవాళ్లలో మతిమరుపు ఇంకా మొదలవనివాళ్లు కూడా ఉన్నారు.

ప్రేమతో,
మీ తాతయ్య