ఒకే బటన్ వెనక రెండు డేటాబేస్‌లు: 2015 అక్టోబరులో ఏం మారింది?

"నా లాప్‌టాప్‌లో బాగానే నడిచింది సార్, సర్వర్లో పెడితేనే ఎర్రర్ వస్తోంది." ప్రాజెక్టు వైవాల రోజుల్లో ఈ మాట వినపడని కాలేజీ ఉండదు. డేటాబేస్ సాఫ్ట్‌వేర్ మైఎస్‌క్యూఎల్ 8.0కు దాని యజమాని ఒరాకిల్ కంపెనీ పెట్టిన సపోర్టు గడువు 2026 ఏప్రిల్. 8.4కు మారాల్సి రావడంతో పాత వాదన మళ్లీ మొదలైంది. విద్యార్థుల మెషీన్లలో ఏ డేటాబేస్ ఉండాలి? వెబ్ సర్వర్, డేటాబేస్ అన్నీ కలిపి ఒకేసారి ఇన్‌స్టాల్ చేసే ఉచిత ప్యాకేజీ, ఇన్నేళ్లుగా నడుస్తున్న జాంప్ చాలదా?

మైఎస్‌క్యూఎల్ స్వీడన్‌లో పుట్టడం, సన్ మైక్రోసిస్టమ్స్ చేతికి, 2010లో ఒరాకిల్ చేతికి వెళ్లడం, దాన్ని రాసినవాళ్లలో ముఖ్యుడైన మాంటీ విడేనియస్ బయటికొచ్చి అదే కోడ్‌తో మరియాడీబీ అనే వేరే డేటాబేస్ పెట్టడం ఈ రంగంలో అందరికీ తెలిసిన కథే. ఇప్పటి గొడవకు మూలం అక్కడ ఉందని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. విడిపోయాక కూడా కొన్నేళ్లు ఆ రెండూ దాదాపు ఒకేలా నడిచాయి. ఒకదాని బదులు ఇంకొకటి పెట్టినా ప్రోగ్రాములకు తేడా తెలిసేది కాదు. మూలం 2015 అక్టోబరులో ఉంది.

ఆ నెలలో జాంప్ 5.5.30, 5.6.14 వెర్షన్లు వచ్చాయి. వాటితోనే లోపల మైఎస్‌క్యూఎల్ పోయి మరియాడీబీ వచ్చింది. కమాండ్లు, టూల్స్ రెండింటికీ ఒకటేనని జాంప్ తయారుచేసే అపాచీ ఫ్రెండ్స్ చెప్పింది. దాచిపెట్టి చేసిన పని కాదు. కానీ కంట్రోల్ ప్యానెల్‌లో బటన్ పక్కన 'మైఎస్‌క్యూఎల్' అన్న పేరు అలాగే ఉండిపోయింది. ఫోల్డర్ పేరూ మారలేదు. జాంప్‌లోని 'ఎం' అక్షరం కూడా రెండు పేర్లకూ సరిపోయింది.

సరిగ్గా అదే నెలలో మైఎస్‌క్యూఎల్ 5.7 విడుదలైంది. ఒకటేనన్న మాట వెనకటి 5.6 వరకు చాలావరకు నిజం. 5.7తో దారులు వేరయ్యాయి.

అన్నిటికన్నా ఎక్కువమందిని ఇబ్బంది పెట్టేది గ్రూప్ బై, అంటే వరుసలను గుంపులుగా చేసి లెక్కించమనే మాట. బ్రాంచి వారీగా విద్యార్థుల సంఖ్య అడుగుతూ, అదే క్వెరీలో విద్యార్థి పేరు కూడా అడిగారనుకోండి. సీఎస్ఈలో అరవై మంది ఉంటే ఎవరి పేరు చూపాలి? 5.7 నుంచి మైఎస్‌క్యూఎల్ ఈ ప్రశ్నను ఒప్పుకోదు, 1055 ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. మరియాడీబీ డిఫాల్ట్ సెట్టింగుల్లో ఆ నిబంధన లేదు. అరవై మందిలో ఏదో ఒక పేరు ఇచ్చేస్తుంది. విద్యార్థికి టేబుల్ కనపడుతుంది, పని అయిందనుకుంటాడు. నన్ను బాధపెట్టేది సర్వర్లో వచ్చే ఎర్రర్ కాదు. లాప్‌టాప్‌లో వచ్చిన జవాబే తప్పు కావచ్చన్న సంగతి ఆ పిల్లవాడికి ఎవరూ చెప్పకపోవడం.

డేటాను పేరు, విలువ జతలుగా రాసే జేసన్ సంగతీ అంతే. మైఎస్‌క్యూఎల్ 5.7లో దానికి సొంత డేటా టైపు వచ్చింది, లోపలి విలువను బయటికి తీయడానికి బాణం గుర్తు వచ్చింది. మరియాడీబీలో జేసన్ అంటే లాంగ్‌టెక్స్ట్‌కు, అంటే మామూలు పొడవాటి టెక్స్ట్ టైపుకు, ఇంకో పేరు. జాంప్‌లో ఉన్న దానికి బాణం గుర్తు తెలియదు. అటు నుంచి ఇటూ ఇబ్బందే. డిలీట్ చేసిన వరుసలను వెంటనే తిరిగి చూపే రిటర్నింగ్ అనే మాట మరియాడీబీలో నడుస్తుంది, మైఎస్‌క్యూఎల్‌లో సింటాక్స్ ఎర్రర్.

మరి జాంప్ వాళ్లు ఎందుకు మారారు? ఆ నిర్ణయాన్ని నేను తప్పుపట్టను. 2012లో బగ్‌లు సరిచేసినప్పుడు వాటితో పాటు టెస్ట్ కేసులు బయటపెట్టడం ఒరాకిల్ తగ్గించింది. సెక్యూరిటీ లోపాల వివరాలు కూడా పొడిపొడిగానే వచ్చేవి. ఇతరుల కోడ్‌ను ప్యాక్ చేసి జనానికి అందించేవాళ్లకు ఏది ఎందుకు మారిందో తెలియకపోతే చేతులు కట్టేసినట్టే. 2013లో వికీపీడియా, లినక్స్ రకాల్లో ఒకటైన ఫెడోరా 19 మరియాడీబీకి మారాయి. 2014లో రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 7, 2017లో ఇంకో లినక్స్ డెబియన్ 9 అదే దారి పట్టాయి. నమ్మకం పోయిన చోట జనం ఇల్లు మారారు. ఇల్లు మారాక తలుపు మీద పాత పేరు తీయకపోవడం ఒక్కటే పొరపాటు.

  

2018 ఏప్రిల్‌లో వచ్చిన మైఎస్‌క్యూఎల్ 8.0తో దూరం ఇంకా పెరిగింది. అక్షరాలను పోల్చే డిఫాల్ట్ పద్ధతి (కొలేషన్) యూటీఎఫ్8ఎంబీ4_0900_ఏఐ_సీఐ అయింది. సర్వర్ నుంచి డంప్, అంటే డేటాబేస్ కాపీ ఫైలు, తెచ్చి జాంప్‌లో వేస్తే 1273, ఆ కొలేషన్ తెలియదన్న ఎర్రర్. నోట్‌ప్యాడ్‌లో ఆ పేరు వెతికి జనరల్_సీఐ అని మార్చేయడం అందరూ చెప్పే చిట్కా. కానీ చిట్కాతో పోల్చే నియమాలే మారిపోతాయని తెలిసినవాళ్లు తక్కువ. కొత్త మరియాడీబీ వెర్షన్లు ఆ పేరును అర్థం చేసుకుంటున్నాయి. 2023 నవంబరులో వచ్చిన జాంప్ 8.2.12లో ఉన్నది మాత్రం 10.4.32. ఆ 10.4 శ్రేణికి సపోర్టు 2024 జూన్‌లో ముగిసింది.

ల్యాబ్ నడిపే లెక్చరర్లు చెప్పేదాంట్లోనూ న్యాయం ఉంది. ఒక్క క్లిక్‌తో ఇన్‌స్టాల్ అవుతుంది, నాలుగు జీబీ మెషీన్‌లో నడుస్తుంది, మొదటి సెమిస్టర్‌కు సెలెక్ట్, జాయిన్ వస్తే చాలు అంటారు. అంతవరకు జాంప్ చాలు. బయట సర్వర్లో మరియాడీబీయే ఉంటే, వెర్షన్ తేడా చూసుకుని దాన్నే వాడుకోవచ్చు కూడా.

మైఎస్‌క్యూఎల్ మీద నడవాల్సిన ప్రాజెక్టుకు జాంప్ చాలదు. అందుకు సాఫ్ట్‌వేర్‌ను మెషీన్‌లో విడిగా నడిపే డాకర్ లాంటి టూలే కావాలని లేదు. మైఎస్‌క్యూఎల్ విండోస్ ఇన్‌స్టాలర్ ఉచితమే. సర్వర్లో ఉన్న వెర్షన్నే తెచ్చుకుని, జాంప్ 3306 పోర్టులో ఉంటే దీన్ని 3307లో పెడితే రెండూ ఒకే మెషీన్‌లో ఉంటాయి. ప్రోగ్రాములో పోర్టు నంబరు మార్చడం మరిచిపోతే మాత్రం మళ్లీ పాతదానికే కనెక్ట్ అవుతుంది. అందుకని మొదటి క్లాసులోనే పిల్లలచేత వెర్షన్ అడిగే ఒక్క సెలెక్ట్ క్వెరీ రన్ చేయించి, వచ్చిన జవాబును రికార్డులో మొదటి పేజీ మీద రాయించాలి. ఇప్పుడు చాలా ల్యాబ్‌లలో అక్కడ మైఎస్‌క్యూఎల్ అని రాస్తున్నారు. స్క్రీన్ మీద వచ్చేది 10.4.32-మరియాడీబీ.